ఘాజీ సోనార్ బొమ్మను ఎలా చదవాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. 1971 యుద్ధంలో మన వైజాగ్ దగ్గర మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరీన్ ఘాజీ ఆనవాలుని 2024లో నేవీ వాళ్లు పట్టారన్న వార్త ఈమధ్యే నీ కంట పడిందనీ, ఎవరో పంపిన పసుపు రంగు సోనార్ బొమ్మలో నీకు మసక తప్ప ఇంకేమీ కనబడలేదనీ రాశావు. ఊరి పక్కనున్న సబ్‌మెరీన్ దొరకడానికి 52 ఏళ్లు ఎందుకు పట్టింది, ఆ మసకలో సబ్‌మెరీన్ ఎక్కడుంది, ఆ బొమ్మ చూసి దాన్ని మనవాళ్లు ముంచారో, అదే పేలిపోయిందో తేల్చొచ్చా, ఫిషింగ్ హార్బర్‌లో బోటు మాట్లాడుకుని, చేపల జాడ చూపే ఫిష్ ఫైండర్‌తో మేమూ వెళ్లి చూడొచ్చా, ఇవీ నువ్వడిగినవి. ఇంజినీరింగ్ ఆఖరి ఏడు అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

నేను నేవీ మనిషిని కాదు. ఇరవై ఆరేళ్లు ప్రైవేటు సర్వే బోట్ల మీద సోనార్, అంటే నీళ్ల కింద శబ్దంతో చూసే పరికరం, నడిపాను. పోర్టు డ్రెడ్జింగ్ పనులు, కాకినాడ అవతల గ్యాసు పైపులైన్ల దారులు, రెండు మూడుసార్లు మునిగిన బార్జీల వెతుకులాట. కాబట్టి ఘాజీ గురించి లోపలి కబుర్లేవీ నా దగ్గర లేవు. బొమ్మ చదవడం మాత్రం చేతనవును.

ముందు ఆ 52 ఏళ్ల సంగతి. ఘాజీ 2024లో మొదటిసారి దొరికిందనుకోవడం పొరపాటు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక అది మునిగింది. నేవీ డైవర్లు ఆ డిసెంబరులోనే కిందికి దిగి అది ఘాజీయే అని తేల్చారు. అప్పట్లో మనకి రష్యా నుంచి వచ్చిన నిస్తార్ అనే సబ్‌మెరీన్ రెస్క్యూ ఓడ ఉండేది, ఆ పనికి అదే వెళ్లింది. అంటే ఎక్కడుందో మొదటి నుంచీ తెలుసు. 2024లో జరిగింది వేరు. సబ్‌మెరీన్ ప్రమాదంలో చిక్కుకుంటే లోపలి మనుషుల్ని బయటికి తెచ్చే డీఎస్‌ఆర్‌వీ అనే చిన్న వాహనాలు 2018 నుంచి మన నేవీకి వచ్చాయి, వాటిలో ఒకటి వైజాగ్‌లో ఉంటుంది. దాని పరికరాలతో ఘాజీని మళ్లీ గుర్తించారని పత్రికలు రాశాయి. తీరానికి రెండు, రెండున్నర కిలోమీటర్లనీ, 100 మీటర్ల లోతనీ అంకెలు కూడా వేశాయి. వైజాగ్ చార్టు, అంటే సముద్రపు లోతుల పటం, ఒక్కసారి చూసినవాడికి ఆ రెండంకెలూ ఒకచోట కుదరవని తెలిసిపోతుంది. మన దగ్గర నేల మెల్లగా దిగుతుంది, అంత దగ్గర్లో అంత లోతు రాదు. ఎక్కడో ఎవరో కొలత కలగలిపారు. దాన్ని పట్టుకుని వేలాడకు.

ఇక బొమ్మ. ఇక్కడే నాకు చెప్పడానికి ఎక్కువుంది.

సైడ్ స్కాన్ సోనార్ అంటే బోటు వెనకాల కేబుల్‌తో లాగే ఒక డబ్బా. చిన్న రాకెట్‌లా ఉంటుంది. మేం దాన్ని ఫిష్ అంటాం. అది రెండు పక్కలకీ విసనకర్ర ఆకారంలో సన్నటి శబ్దపు పొర ఒకటి వదిలి, నేల మీద నుంచి తిరిగొచ్చేది వింటుంది. ఒక్క పింగుకి, అంటే ఒక్కసారి వదిలిన శబ్దానికి, ఒక్క గీత. ఆ గీతలో ముందొచ్చిన శబ్దం మధ్యకి దగ్గరగా, ఆలస్యంగా వచ్చింది అంచువైపు పడుతుంది. బోటు కొంచెం ముందుకి కదులుతుంది, ఇంకో పింగు, ఇంకో గీత. మగ్గం మీద పేక పోగు పక్కన పేక పోగు పడి బట్ట అయినట్టు, ఈ గీతలన్నీ కలిసి బొమ్మ అవుతాయి. అంటే నువ్వు చూసిన బొమ్మలో అడ్డంగా ఉన్నది టైము, నిలువుగా ఉన్నది బోటు నడక. రెండింటిలోనూ అబద్ధం దూరడానికి సందుంది. దాని గురించి కింద చెప్తాను.

బొమ్మ మధ్యలో నిలువుగా ఒక నల్లటి దారి ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని కాలువ అనుకుంటారు. అది ఫిష్‌కీ నేలకీ మధ్య ఉన్న ఉత్త నీళ్లు. శబ్దం నేలని తాకేదాకా ఏమీ తిరిగి రాదు కాబట్టి నల్లగా ఉంటుంది. ఆ నల్లటి దారిలో అక్కడక్కడ తెల్లటి బొట్లు కనబడితే అవి చేపల గుంపులు. మునిగిన ఓడ దగ్గర అవి దాదాపు ఎప్పుడూ ఉంటాయి. ఆ గుంపు నేలకి కాస్త పైన తేలుతుంటే దాని నీడ దానికి అతుక్కోకుండా విడిగా, దూరంగా పడుతుంది. మొదటిసారి అది చూసినప్పుడు మా సీనియర్ "ఇది ఇనుము కాదురా, కోనెం" అన్నాడు. కూర గుర్తొచ్చి ఆకలేసింది, అది వేరే విషయం.

పసుపు రంగు గురించి అడిగావు కదా. సముద్రం అడుగున ఆ రంగేమీ ఉండదు. గట్టిగా వచ్చిన ప్రతిధ్వనికి లేత రంగు, తక్కువ వచ్చినదానికి ముదురు రంగు అని సాఫ్ట్‌వేర్ వేస్తుంది, అంతే. ఎవరి అలవాటు వాళ్లది. మేం కాగితం మీద పని చేసిన రోజుల్లో అంతా తలకిందులు: గట్టి ప్రతిధ్వని నల్లగా, నీడ తెల్లగా. ఇప్పటికీ పాత మనుషుల్లో కొందరు రంగు తిప్పుకునే చూస్తారు.

అసలు కీలకం నీడ. ఇంట్లో కరెంటు పోయి సూది కింద పడిందనుకో. నిలబడి పైనుంచి టార్చి వేస్తే దొరకదు. టార్చిని నేలకి దాదాపు ఆనించి పక్కకి వేస్తే, సూది కూడా వేలెడు నీడతో కనబడుతుంది. సైడ్ స్కాన్ చేసేదీ అదే. అందుకే ఫిష్‌ని నేలకి దగ్గరగా, చూసే దూరంలో పదోవంతు నుంచి ఐదోవంతు ఎత్తులో నడిపిస్తాం. 75 మీటర్ల దూరం చూస్తున్నామంటే నేల నుంచి ఎనిమిది నుంచి పదిహేను మీటర్ల ఎత్తులో అన్నమాట. ఎదురుగా ఏదైనా ఎత్తుగా ఉంటే దాని వెనకకి శబ్దం వెళ్లదు. వెళ్లనిచోటి నుంచి ఏమీ తిరిగి రాదు. ఆ ఖాళీయే నీడ.

ఇందులో తమాషా ఏమిటంటే ఓడ కన్నా ఓడ నీడే నిజం ఎక్కువ చెప్తుంది. సబ్‌మెరీన్ ఒళ్లు గుండ్రం, నునుపు. శబ్దం దానికి తగిలి పైకో పక్కకో జారిపోతుంది, మన వైపు వచ్చేది ఒక సన్నటి గీత మాత్రమే. మీద ఏళ్ల తరబడి పెరిగిన గవ్వలు, చుట్టుకున్న వలలు తలో చోట తళుక్కుమంటాయి. అందుకే నీకు అంతా మసకగా కనబడింది. అదే బొమ్మలో నల్లటి భాగం చూడు. పొడుగ్గా ఒక నీడ, దాని నడుం దగ్గర మూపురంలా బయటికి పొడుచుకొచ్చిన ఇంకో చిన్న నీడ. ఆ మూపురం కానింగ్ టవర్, సబ్‌మెరీన్ వీపు మీద లేచి ఉండే గది. సరకు ఓడ అయితే నీడ అంచు మెట్లు మెట్లుగా, స్తంభాలతో, వెనక గదుల ఎత్తుతో ఉంటుంది. బార్జీ అయితే అగ్గిపెట్టె నీడ.

నీడతో ఎత్తు కూడా లెక్కకట్టొచ్చు, ఎనిమిదో తరగతి సరూప త్రిభుజాలే. ఫిష్ నేల నుంచి 15 మీటర్ల ఎత్తులో ఉంది, నీడ చివర 75 మీటర్ల దూరంలో ఉంది, నీడ పొడవు 25 మీటర్లు. 25ని 15తో గుణించి 75తో భాగిస్తే 5 మీటర్లు. ఆ వస్తువు నేల నుంచి 5 మీటర్లు లేచి ఉందని అర్థం. వీధి దీపం కింద నడిచే మనిషి నీడకీ ఇదే లెక్క.

ఇప్పుడు అబద్ధాల సంగతి. నా ఉద్యోగం తొలి రోజుల్లో రికార్డరు కంప్యూటర్ కాదు. కాగితం మీద నిప్పురవ్వతో కాల్చి గీసే యంత్రం. గదంతా కాలిన వాసన, చేతులకీ చొక్కాకీ మసి. ఒక మార్చి నెలలో, వైజాగ్‌కి దక్షిణంగా, రాత్రి రెండింటికి కాగితం మీద పొడుగాటి నల్ల గీత, దాని వెనక తెల్లటి నీడ మొదలైంది. స్కేలు పెట్టి కొలిస్తే 80 మీటర్లు. బోటులో ఉన్నవాళ్లందరూ లేచి వచ్చారు. సరంగు చుక్కాని కలాసీకి అప్పజెప్పి మరీ వచ్చి చూశాడు. అందరి నోటా ఒకటే మాట, సబ్‌మెరీన్! మా సర్వే బృందం పెద్ద, పార్టీ చీఫ్ అంటాం, తెల్లారేదాకా ఆగకుండా ఆఫీసుకి రేడియోలో చెప్పేశాడు. ఆఫీసు వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి, పని ఇచ్చినవాళ్లకే చెప్పేశారు.

పొద్దున్న అదే దారిలో వెనక్కి వస్తూ మళ్లీ గీశాం. ఈసారి 48 మీటర్లు. రాత్రి 80, పగలు 48! సబ్‌మెరీన్ కుంచించుకుపోయిందా?

జరిగింది ఇది. బోటు 4 నాట్ల వేగంతో పోతుందనుకుని కాగితం కదిలే వేగాన్ని దానికి కట్టేశాం. మార్చిలో మన తీరం వెంట నీళ్లు ఈశాన్యం వైపు పారతాయి. రాత్రి మేం నైరుతిగా, ఆ ప్రవాహానికి ఎదురు వెళ్లాం. నీళ్లలో 4 నాట్లయినా నేల మీద లెక్కిస్తే 3 నాట్లే. ఆ వస్తువు దాటడానికి ఎక్కువసేపు పట్టింది కాబట్టి కాగితం మీద సాగింది. వెనక్కి వచ్చేటప్పుడు ప్రవాహం తోసింది, 5 నాట్లయింది, బొమ్మ నలిగింది. లెక్క సరిచేస్తే రెండుసార్లూ 60 మీటర్లే వచ్చింది. నీడ అంచు తిన్నగా, బల్ల చెక్కలా ఉంది. మూపురం లేదు. ఆ సంగతి రాత్రే కనబడాలి, మా కళ్లు నల్ల గీత మీదే ఉండిపోయాయి. తర్వాత తేలింది, అది ఎప్పుడో మునిగిన బార్జీ. పార్టీ చీఫ్ రెండేళ్లపాటు ఎక్కడికెళ్లినా "ఏం గురూ, సబ్‌మెరీన్ బాగుందా" అని పలకరింపే.

ఇప్పుడు జీపీఎస్ బోటు అసలు వేగాన్ని క్షణక్షణం ఇస్తుంది, సాఫ్ట్‌వేర్ సరిదిద్దేస్తుంది. ఆ అబద్ధం పోయింది. కానీ జీపీఎస్ ఉన్నది బోటు మీద, ఫిష్ ఉన్నది వందల మీటర్ల వెనక. 60 మీటర్ల లోతులో నేల దగ్గరికి ఫిష్‌ని దించాలంటే దాదాపు దానికి మూడింతల కేబుల్ వదలాలి. అది ప్రవాహానికి పక్కకి కొట్టుకుపోతుంది. బోటు అడుగున శబ్దంతోనే ఫిష్ జాడ పట్టే పరికరం లేకపోతే, నువ్వు గుర్తు పెట్టిన చోటుకీ ఓడ ఉన్న చోటుకీ పదుల మీటర్ల తేడా వస్తుంది. అందుకే ఒక టార్గెట్‌ని కనీసం నాలుగు వైపుల నుంచి గీయనిదే నేను పేరు పెట్టను. ఈ విషయంలో నా దగ్గర పనిచేసిన కుర్రాళ్లు నన్ను చాలా తిట్టుకునేవాళ్లు, తెలుసు.

సోనార్ ఎంత సన్నగా చూస్తుందన్నది అమరిక మీద ఉంటుంది. సముద్రపు నీటిలో శబ్దం సెకనుకి సుమారు 1,500 మీటర్లు పోతుంది. 100 కిలోహెర్ట్జ్ దగ్గర అల పొడవు ఒకటిన్నర సెంటీమీటర్లు, 500 దగ్గర 3 మిల్లీమీటర్లు. అల ఎంత పొట్టిదైతే అంత వివరం. కానీ పొట్టి అలని నీళ్లు త్వరగా మింగేస్తాయి. అందుకని ముందు తక్కువ ఫ్రీక్వెన్సీతో ఒక్కో పక్కా 300, 400 మీటర్లు జల్లెడ పడతాం. ఏదైనా తగిలితే ఎక్కువ ఫ్రీక్వెన్సీకి మారి 75 మీటర్లకి దగ్గరవుతాం. దగ్గరైతే ఇంకో లాభం ఉంది. 75 మీటర్లు చూడాలంటే శబ్దం పోయి రావడానికి సెకనులో పదోవంతు పడుతుంది, అంటే సెకనుకి పది పింగులు. బోటు సెకనుకి 2 మీటర్లు పోతే పింగు పింగుకీ 20 సెంటీమీటర్లే ఎడం. 95 మీటర్ల ఘాజీ పక్కగా పోతే దాని మీద 475 గీతలు పడతాయి. అదే 300 మీటర్ల దూరం పెట్టుకుంటే 120 గీతలు కూడా పడవు. పైగా ఆ విసనకర్ర దూరం వెళ్లేకొద్దీ లావవుతుంది. అర డిగ్రీ పొర 50 మీటర్ల దగ్గర 44 సెంటీమీటర్లు, 150 దగ్గర 1.3 మీటర్లు. అంతకన్నా చిన్న రంధ్రం ఆ బొమ్మలో కనబడదు, అంత మాత్రాన ఓడకి లేదని కాదు. ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకో, నీ మూడో ప్రశ్నకి పనికొస్తుంది.

రంగుల ఇంద్రధనుస్సులా ఉండే బొమ్మలు చూసి ఉంటావు, అవి మల్టీబీమ్ అనే ఇంకో రకం సోనార్‌వి. అది ఓడ అడుగున బిగించి ఉంటుంది, నీడ కాదు, లోతు కొలుస్తుంది. ఓడ ఏ వైపు ఒరిగింది, నేల నుంచి ఎంత లేచి ఉంది, ప్రవాహం దాని ముక్కు దగ్గరా తోక దగ్గరా ఎంత గుంట తవ్వింది, ఇవన్నీ దానిలో బాగా తెలుస్తాయి. ఒక్క డిగ్రీ బీమ్ 60 మీటర్ల లోతులో మీటరు పైచిలుకు మచ్చ వేస్తుంది. 8 మీటర్ల వెడల్పు సబ్‌మెరీన్ మీద అడ్డంగా ఏడెనిమిది చుక్కలు. అందుకే రెండూ కావాలి.

మన సముద్రానికో ప్రత్యేకత ఉంది. గంగ నుంచి కృష్ణ దాకా నదులన్నీ తెచ్చి పోసిన మంచినీళ్లు వానాకాలం తర్వాత బంగాళాఖాతం మీద పైపొరలా తేలుతుంటాయి. అక్టోబరు, నవంబరుల్లో ఆ పొర మన తీరం వెంట దక్షిణానికి దిగుతుంది. పైన తేలిక నీళ్లు, కింద ఉప్పు నీళ్లు. రెండింట్లో శబ్దం వేగం వేరు. గ్లాసులో పెట్టిన చెంచా వంగి కనబడినట్టే శబ్దమూ వంగుతుంది, దూరపు అంచుల్లో బొమ్మ పాడవుతుంది. పైనుంచి కిందిదాకా ఉప్పూ వేడీ కొలిచి సరిచేసుకోవాలి, అదీ పూటపూటకీ. ఫిబ్రవరి, మార్చి మాకు మంచి రోజులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి వలల బెడద ఉండదు, కానీ మే దాటితే సముద్రం లేస్తుంది.

వలల బెడద అంటే ఏమిటో ఒకసారి అనుభవమైంది. వెనకాల 200 మీటర్ల కేబుల్ లాగుతుంటే ఒక మరపడవ అడ్డంగా వచ్చి దాని మీదుగా దాటింది. దీపాలు ఊపాం, కేకలు వేశాం. వాళ్లకి వెనక ఒకటి ఉందని ఎలా తెలుస్తుంది? బొమ్మ ఒక్కసారిగా పిచ్చిగీతలై ఆగిపోయింది. ఫిష్ వాళ్ల వలలో చిక్కింది. పెద్దజాలరిపేట మనిషి ఒకాయన మా బోటులో ఉన్నాడు కాబట్టి బాబూ, అయ్యా అని మాట్లాడి విడిపించాడు. వాళ్ల వల చిరిగింది, మా ఫిష్ తోక రెక్క విరిగింది. ఆ వల ఖరీదు కంపెనీ ఇవ్వనంటే మేమే తలా కొంత వేసి ఇచ్చాం. మునిగిన ఓడల చుట్టూ ఇది ఇంకా ఎక్కువ. వందల వలలు తెగి ఆ ఇనుముకి చుట్టుకుని ఉంటాయి. వేటగాళ్లకి ఆ చోట్లు ఎప్పటినుంచో తెలుసు. డాల్ఫిన్ నోస్ కొండని ఒక గురుతుతో, సింహాచలం కొండని ఇంకో గురుతుతో ఒకే వరసలోకి తెచ్చుకుని, అక్కడ వల వేయకుండా తప్పుకుపోతారు. సర్వే మొదలుపెట్టే ముందు నేను చార్టు కన్నా ముందు వాళ్లనే అడిగేవాణ్ని.

ఇక ఆ మసక ఘాజీయే అని ఎలా అంటారు? పొడవుతో. మన తీరం దగ్గర మునిగిన సబ్‌మెరీన్ ఘాజీ ఒక్కటే కాదు. 1944 ఫిబ్రవరి 11న జపాన్ వాళ్ల ఆర్‌ఓ-110 వైజాగ్ దగ్గర ఒక ఓడల కాన్వాయ్ మీద దాడి చేస్తే, అప్పటి రాయల్ ఇండియన్ నేవీ ఓడ జమునా, ఆస్ట్రేలియా ఓడలు లాన్సెస్టన్, ఇప్స్‌విచ్ కలిసి డెప్త్ చార్జీలతో, అంటే నీళ్లలోకి వదిలి లోతులో పేల్చే బాంబులతో, దాన్ని ముంచాయి. ఆ జపాన్ సబ్‌మెరీన్ దాదాపు 61 మీటర్లు. ఘాజీ అమెరికా వాళ్లు రెండో ప్రపంచ యుద్ధం చివర కట్టిన డయాబ్లో, 95 మీటర్లు. 1964లో పాకిస్తాన్‌కి ఇచ్చారు. 95కీ 61కీ తేడా ఏ సోనార్‌లోనైనా తెలుస్తుంది, మా 80, 48ల బాపతు కాకపోతే. తర్వాత టవర్ ఎక్కడుంది, ముక్కు ఆకారం ఏమిటి అని చూస్తారు. చివరికి కెమెరా దించాల్సిందే. 1941లో 645 మందితో మునిగిన ఆస్ట్రేలియా యుద్ధనౌక సిడ్నీని 2008 మార్చిలో దాదాపు రెండున్నర కిలోమీటర్ల లోతులో కనిపెట్టారు. అక్కడా ముందు లాగే సోనార్‌తో పట్టి, ఆ తర్వాత కెమెరా వాహనం పంపి, అప్పుడే ఖాయం చేశారు.

నువ్వు అసలు తెలుసుకోవాలనుకున్నది మూడోది. ఎవరు ముంచారు? నవంబరు 14న కరాచీలో బయల్దేరిన ఘాజీ మన విమాన వాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ వచ్చింది. విక్రాంత్ అండమాన్ వైపు ఉంటే, వైజాగ్‌లోనే ఉందనిపించేలా అప్పటి తూర్పు నౌకాదళం అధిపతి అడ్మిరల్ కృష్ణన్ రాజ్‌పుత్ అనే ఓడతో నాటకం ఆడించారు. ఆ రాజ్‌పుత్ డెప్త్ చార్జీల వల్లే ఘాజీ పోయిందన్నది మన నేవీ మాట. సొంత మైను మీదికి వెళ్లిందో, లోపలే పేలిందో అన్నది పాకిస్తాన్ మాట. ఆ రాత్రి కిటికీలు అదిరాయని మీ తాతగారు చెప్పారన్నావు. మా పెద్దమ్మా అదే చెప్పేది, యుద్ధం బీచికి వచ్చేసిందనుకున్నారట.

సోనార్ బొమ్మతో ఇది తేలుతుందా అంటే, తేలదనే నా అభిప్రాయం. బయట పేలితే రేకు లోపలికి నొక్కుకుపోవాలి, లోపల పేలితే బయటికి విచ్చుకోవాలి, అదే కదా అందరూ అనుకునేది. కానీ బయటి డెప్త్ చార్జీ దెబ్బకి లోపలి టార్పెడోలు, మైన్లు అంటుకున్నా రేకు బయటికే విచ్చుకుంటుంది. లోపలి ప్రమాదమైనా బయటికే. విచ్చుకున్న రేకు ఇద్దరి కథకీ సరిపోతుంది. పైగా 50 ఏళ్లు ఉప్పు తిన్న రేకు వంపుని అర మీటరు మచ్చల్లో చదవడం చిలకజోస్యం. ఏ అర మీటరులోనైనా నీకు కావలసిన కథ చూసుకోవచ్చు. ఘాజీ సినిమా చూసి వచ్చిన మా మేనల్లుడు ఒక బొమ్మ ముందేసుకుని నాకు మొత్తం కథ చెప్పేశాడు, పాపం. సోనార్ చెప్పేవి ఎక్కడుంది, ఎటు ఒరిగింది, ఎన్ని ముక్కలైంది, ముక్కలు ఎంత దూరం చెదిరాయి, ఇసక ఎంత కప్పింది, ఇవే. చెదిరిన ముక్కల పటం మాత్రం నిజంగా విలువైనది. పేలుడు నేల దగ్గర జరిగిందా, పైన జరిగిందా అన్నది దాన్ని బట్టి కొంత ఊహించొచ్చు. దాని మీద వాదించడానికి కూడా లాగ్ పుస్తకాలు, టైములు పక్కన ఉండాలి.

అందులో తొంభై మందికి పైగా ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది ఇప్పటికీ అక్కడే. శత్రువులైనా ఆ చోటుని కదపకుండా వదిలేశారు మనవాళ్లు, అది సరైన పనే. అన్నిచోట్లా అలా జరగలేదు. 1942లో జావా సముద్రంలో మునిగిన డచ్చి యుద్ధనౌకలు డి రూటర్, జావాలని 2016లో చూడ్డానికి వెళ్తే సోనార్‌లో ఓడలు లేవు. ఓడ ఆకారంలో నేల మీద గుంటలున్నాయి, అంతే. పాత ఇనుము కోసం దొంగలు ఎత్తుకుపోయారు. ఆ బొమ్మ చూసిన రోజు నాకు అన్నం సహించలేదు. నీడ కూడా మిగల్లేదు.

ఆఖరిది, బోటు సంగతి. వద్దు. ఫిష్ ఫైండర్ నిట్టనిలువుగా కిందికి చూస్తుంది, సరిగ్గా దాని మీదుగా పోయినా స్క్రీన్ మీద ఒక బుడిపె తప్ప ఏమీ రాదు. రాళ్లు కూడా అలాగే వస్తాయి. పైగా అది తూర్పు నౌకాదళం వాకిలి. అనుమతి లేకుండా ఏ సోనార్ పెట్టుకుని అటూ ఇటూ తిరిగినా గంటలోపు పక్కన పడవ వచ్చి ఆగుతుంది. బోటు యజమాని లైసెన్సు పోవచ్చు, నీ ఉద్యోగాలకి పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది, ఆలోచించుకో.

దానికి బదులు రెండు పనులు చెయ్యి. ఒకటి, నోవా (NOAA) అనే అమెరికా సంస్థ తాను చేసిన సర్వేల డేటాని ఉచితంగానే పెడుతుంది. అందులో మునిగిన ఓడలున్న సైడ్ స్కాన్ ఫైళ్లు దించుకుని, నీడల ఎత్తు లెక్కకట్టడం అలవాటు చేసుకో. నెల రోజుల్లో నీ కన్ను మారుతుంది. రెండోది ఇంకా తేలిక. ఆర్కే బీచిలో కురుసుర సబ్‌మెరీన్ మ్యూజియం ఉంది కదా, అది 91 మీటర్లు, ఘాజీకి నాలుగు మీటర్లే తక్కువ. ఎండ ఉన్న రోజు సాయంత్రం నాలుగింటికి వెళ్లు. ఒక మీటరు కర్ర నేల మీద నిలబెట్టి దాని నీడ కొలువు, తర్వాత టవర్ నీడ కొలువు, నిష్పత్తి కట్టు. సూర్యుడు బాగా దూరం కాబట్టి అక్కడ లెక్క తేలిక. సోనార్‌లో దీపం పక్కనే ఉంటుంది కాబట్టి దూరం వెళ్లేకొద్దీ నీడ సాగుతుంది, ఆ తేడా ఎంత వస్తుందో కాగితం మీద వేసి చూడు. టవర్ నీడ గోడ మీదికో మెట్ల మీదికో ఎక్కితే కొలత చెడుతుంది, చదునైన చోట పడే గంట చూసుకుని వెళ్లు. నల్లద్దాలు పెట్టుకో, నాలుగింటికి బీచి రోడ్డులో ఎండ ఇంకా కొడుతూనే ఉంటుంది.